అమ్మకి మోకాలి ఆపరేషన్, వెన్నులో మత్తు సూది అంటే భయపడుతోంది

నమస్తే అండి. మా అమ్మకి 64 ఏళ్ళు, షుగర్ ఉంది, వచ్చే గురువారం మోకాలు మార్పిడి. నడుం దగ్గర సూది ఇచ్చి కింద సగానికే మత్తు ఇస్తాం అన్నారు. ఈలోపు పక్కింటి పిన్నిగారు వచ్చి చిన్నాడి కాన్పులో నాకిచ్చిన సూదికి ఇప్పటికీ నడుం లాగుతూనే ఉంది అనేసరికి, అమ్మ పూర్తి మత్తయితేనే చేయించుకుంటా అని కూర్చుంది. ఏది మంచిదండి? పొద్దున్నే కాఫీ పడకపోతే ఆవిడకి తలనొప్పి, ఓ గుక్క తాగొచ్చా?

జవాబు 1:
నేను అనస్తీషియా డాక్టర్నే అండి. వెన్నుపాము నడుం పైభాగంలోనే ఆగిపోతుంది, మేం సూది వేసేది దానికి కింద, నరాలు నీళ్ళలో విడివిడిగా తేలే చోట, ఆ సూది సెలైన్ సూది కంటే సన్నం. పొడిచిన చోట కొన్నాళ్ళు సలుపు ఉండొచ్చు. కాన్పయ్యాక నడుంనొప్పి మత్తు తీసుకోని వాళ్ళకీ వస్తుంది. కొందరికి కూర్చుంటే ఎక్కువయ్యే తలనొప్పి వస్తుంది, చెబితే వైద్యం ఉంది. మోకాలికి రెండు మత్తులూ పనికొస్తాయి, గుండె, రక్తం పలచన మాత్రలు చూసి నిర్ణయిస్తారు. కాఫీ మాత్రం వద్దు, పాలున్నది ఏదైనా 6 గంటల ముందే ఆపాలి, మంచినీళ్ళు 2 గంటల ముందు వరకు. మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు, షుగర్ ఉన్నవాళ్ళకి కడుపు ఖాళీ అవడం ఇంకా ఆలస్యం. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలుంటే 3 రోజుల ముందే ఆపమంటారు, మాత్రలన్నీ చూపించండి. సూది ఇచ్చి వెళ్ళిపోం అండి, కుట్లు అయ్యేదాకా తల దగ్గరే ఉండి బీపీ, ఊపిరి, గుండె చూస్తూనే ఉంటాం.

జవాబు 2:
కాఫీ విషయం తేలిగ్గా తీసుకోకండి. మా నాన్న హెర్నియా ఆపరేషన్ రోజు పొద్దున ఫ్లాస్కులోంచి అరగ్లాసు నేనే పోసిచ్చా. థియేటర్ గుమ్మం దగ్గర స్ట్రెచర్ ఆపి మత్తు డాక్టరమ్మ ఏమన్నా తాగారా అని మళ్ళీ అడిగారు, నాన్న నా మొహం చూశారు, ఒప్పేసుకున్నా. సాయంత్రానికి వాయిదా వేశారు. ఆవిడ అడక్కపోయుంటే అనుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

జవాబు 3:
ఊపిరి, గుండె అంటే గుర్తొచ్చింది, క్లోరోఫాం మత్తులో జనం దేనివల్ల చనిపోతున్నారో తేల్చడానికి 1888, 1889లో మన హైదరాబాద్‌లోనే కమిషన్లు వేశారు, రెండోదానికి నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చారు. ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ఊపిరి చూసుకుంటే చాలన్నాడు, 1911లో లీవీ అనే డాక్టర్ గుండె కూడా ఉన్నట్టుండి ఆగుతుందని చూపించాడు.

అడిగినవారు:
థాంక్స్ అండి, అమ్మకీ పిన్నిగారికీ చదివి వినిపించా, సూదికి ఒప్పుకుంది. మాత్రల డబ్బా తీస్తే ఆ డాపాగ్లిఫ్లోజిన్ ఉంది, ఎవరూ అడగలేదు. రేపు పొద్దున్నే పట్టుకెళ్ళి చూపిస్తా.