కంటి పరిశోధనకి విరాళం ఇస్తే ప్రయోజనం ఉంటుందా?

చైతన్య:
నాన్నగారి పేరున కొంత డబ్బు ఇద్దామనుకుంటున్నాం. ఆపరేషన్లకి ఇస్తే ఫలానా మనిషికి చూపొచ్చిందని తెలుస్తుంది కదా అంటుంది అమ్మ. నాకేమో హైదరాబాద్ ఐ రీసెర్చ్ ఫౌండేషన్ వైపు మనసు లాగుతోంది. అది ఎలా పుట్టింది? దాని పరిశోధనతో మామూలు జనానికి ఒరిగిందేమిటి?

పద్మజ:
డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు అమెరికాలో ఉద్యోగం వదిలి వచ్చి హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రి పెడదామనుకున్నప్పుడు, సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారు బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. 1987లో ఎల్.వి. ప్రసాద్ గారి పేరుతోనే ఆ ఆసుపత్రి మొదలైంది. అక్కడి పరిశోధన చూసేది మీరన్న ఫౌండేషనే.

ఒరిగిందేమిటో మా ఇంట్లోనే చూశాను. మా తమ్ముడు చిన్నప్పుడు కిళ్ళీ సున్నం ప్యాకెట్ నొక్కితే చిట్లి కంట్లో పడింది. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు, అంటే దాని పై పొరను ఎప్పటికప్పుడు కొత్తగా పెంచే కణాలు, కాలిపోయి, కంటిని తెల్లటి పొర కమ్మేసింది. ఇలాంటి కళ్ళకి అక్కడ 2001 నుంచి మూలకణాలను ల్యాబ్‌లో పెంచి అతికేవారు. ల్యాబ్ అంటే ఖర్చు, పైగా అది అన్ని ఊళ్ళలో ఉండదు. డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ఆ అవసరమే లేకుండా చేసి, 2012లో ఆ పద్ధతిని ప్రచురించింది. బాగున్న కంటి అంచు నుంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, ఎనిమిది పది నలుసులుగా కోస్తారు. కాన్పులో మాయతో వచ్చే పలచటి పొరను దెబ్బతిన్న కంటి మీద పరిచి, ఆ నలుసులను జిగురుతో అంటిస్తారు. కణాలు కంటి మీదే పెరుగుతాయి. మా వాడికి చేసింది ఇదే. ఇప్పుడు ఆ కంటితో బస్సు బోర్డు చదువుతాడు. మీ అమ్మగారికి ఈ సంగతి చెప్పండి.

రవికుమార్:
పద్మజ గారు చెప్పింది నిజం. ఇంకొకటి కలుపుతాను. 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో ఆ ఆసుపత్రి వాళ్ళే పదివేల మందికి పైగా కళ్ళు పరీక్షించారు. అంధత్వానికి శుక్లాల తర్వాత పెద్ద కారణం సరైన కళ్ళజోడు లేకపోవడమేనని తేలింది. కళ్ళజోడు పెడితే పోయే గుడ్డితనం! పల్లెల్లో విజన్ సెంటర్లు, అంటే చూపు పరీక్షించి కళ్ళజోడు ఇచ్చే చిన్న కేంద్రాలు, ఎందుకు కావాలో అర్థమవడానికి ఈ లెక్క చాలు.

చైతన్య:
ఇద్దరికీ ధన్యవాదాలు. అమ్మకి చదివి వినిపించాను. సున్నం సంగతి దగ్గర ఆగి, మళ్ళీ చదవమంది. డబ్బు పరిశోధనకే వాడమని ఉత్తరంలో రాస్తే సరిపోతుందా?

పద్మజ:
ముందు ఫోన్ చేసి అడగండి. రసీదు మీదా ఆ మాట రాయించుకోండి.