విండోస్‌లో నడిచిన స్క్రిప్టుకి లైనక్స్‌లో కొన్ని ఫైళ్లు కనిపించట్లేదు

అరండల్‌పేట: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపుకి పైథాన్ స్క్రిప్టు రాశాను. రైతుల తక్‌పట్టీల (సరుకు అమ్మకం చీటీల) పీడీఎఫ్‌లను తేదీల వారీగా సర్దుతుంది. షాపులో విండోస్, ఇప్పుడు సర్వర్ లైనక్స్. కళ్ల ముందున్న ఫైళ్లనే లేవంటోంది.

బెంజ్‌సర్కిల్: ఫైళ్ల దారుల్లో (పాత్‌లలో) ఫోల్డర్ల మధ్య బ్యాక్‌స్లాష్ చేత్తో రాశారా అన్నా? లైనక్స్‌కి అది పేరులో ఒక మామూలు అక్షరమే. పైథాన్ 3.4 నుంచి దారులు కట్టే పాత్‌లిబ్ మాడ్యూల్ ఉంది, దాంతో కలపండి.

కృష్ణలంక: ఫైలు పేరు చివరుండే ఎక్స్‌టెన్షన్ కూడా చూడండి. కొన్ని స్కానర్లు పీడీఎఫ్ అని పెద్దక్షరాల్లో పెడతాయి. విండోస్‌కి పెద్దా చిన్నా ఒకటే, లైనక్స్‌కి కాదు.

అరండల్‌పేట: స్కానర్ సంగతి నిజమే, చాలావరకు దొరికాయి. కానీ ‘రైతులు’ ఫోల్డర్ మాత్రం లిస్టులో కనిపిస్తుంది, పేరు టైప్ చేస్తే లేదంటుంది. టెన్షన్‌గా ఉంది.

మంగళగిరి: అది పాత మ్యాక్ నుంచి వచ్చిందా? అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు అని రెండుగానూ రాయొచ్చు. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసే దాచుకుంటుంది. మన కీబోర్డులు ఒకే గుర్తు కొడతాయి. కంటికి రెండూ ‘రై’యే, లైనక్స్ మాత్రం బైట్లు పోల్చి వేరే పేరంటుంది. తెలుగులో ఇలా విడిపోయేది ఐత్వమొక్కటే, అందుకే మిగతా ఫోల్డర్లకి ఏమీ కాలేదు. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో నార్మలైజ్ ఉంది. పోల్చేముందు రెండు పేర్లనీ ఎన్ఎఫ్‌సీలోకి, అంటే విడిపోయిన గుర్తుల్ని కలిపి రాసే రూపంలోకి మార్చండి.

అరండల్‌పేట: అవునండీ, ఆ ఫోల్డర్ ఆడిటర్ గారి పాత మ్యాక్ నుంచే వచ్చింది. మార్చాక దొరికింది!

బెంజ్‌సర్కిల్: ఈ గోలంతా ఎందుకు, పేర్లు ఇంగ్లిష్‌లో పెట్టేస్తే పోయె.

మంగళగిరి: గుమాస్తా వెతికేది రైతు పేరు చూసి కదండీ. ఒకే ఇంటిపేరుని ఇంగ్లిష్‌లో తలా ఒక స్పెల్లింగ్ రాస్తారు. తెలుగే నయం.

కృష్ణలంక: వీటన్నిటికన్నా నాకు భయం ఫైలు పేరు మార్చే పైథాన్ ఓఎస్ రీనేమ్ అంటే. కొత్త పేరుతో ఫైలు ముందే ఉంటే విండోస్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. లైనక్స్ చప్పుడు చేయకుండా పాతదాని మీద రాసేస్తుంది. ఒకే రైతు ఒకేరోజు రెండు లాట్లు అమ్మితే మొదటి పట్టీ గల్లంతే. విండోస్‌లో ఎర్రర్ వస్తుందిలే అని ఎర్రర్లని పట్టుకునే ట్రై, ఎక్సెప్ట్ మీద వదిలేసుంటే లైనక్స్‌లో అది పట్టుకోదు.

అరండల్‌పేట: అచ్చం అలాగే రాసుంది నాది. ఫైలు పేరులో లాట్ నంబరు చేరుస్తాను, ముందే ఉందేమో చూశాకే జరుపుతాను. స్క్రిప్టు రాసే సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) సంగతేంటి? ఎక్సెల్‌లో పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి.

కృష్ణలంక: రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వండి, ఎక్సెల్ గుర్తుపడుతుంది.