రక్తహీనతకు ఐరన్ మాత్ర చాలదా, గుడ్డు కూడా కావాలా?

పరకాల నాన్న:
మా పాప సర్కారు బడిలో ఎనిమిదో తరగతి. వారానికో ఐరన్ మాత్ర ఇస్తున్నారు, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర. రక్తం పెరగడానికి అవి చాలవా? బడిలో మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్లకు పెట్టే డబ్బుతో ఇంకో టీచర్‌ను పెట్టొచ్చు కదా.

నర్సంపేట సైన్స్ టీచర్:
అన్నా, మాత్ర వద్దని నేననను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది, మగపిల్లల్లో 31.1 శాతం. మాత్ర మగపిల్లలకూ ఇవ్వాలి, చాలా ఇళ్లలో ఆ సంగతే తెలియదు.

కానీ ఆ మాత్ర ఎట్లాంటి కడుపులో పడుతోందో చూడండి. పత్తి ఏరే రోజుల్లో తల్లులు తెల్లారకముందే చేనుకు పోతారు. పిల్లలు చాయ్‌లో రెండు బిస్కెట్లు ముంచుకు తిని బస్సెక్కుతారు. అట్లా వచ్చిన పిల్లకు మాత్ర వేస్తే వికారం, కడుపునొప్పి. ఒకసారి వాంతి అయ్యిందంటే, మరుసటి వారం మాత్రను దవడన పెట్టుకుని, మనం అటు తిరగగానే ఉమ్మేస్తుంది. అన్నం తిన్నాకే వేయమనేది అందుకే. గుడ్డు పెట్టిన రోజు మా పిల్లలు కడుపునిండా తింటారు, నీళ్ల చారు రోజు సగం పారబోస్తారు. పైగా హిమోగ్లోబిన్ తయారు కావాలంటే ఐరన్ ఒక్కటే సరిపోదు, ప్రొటీన్ కూడా ఉండాలి.

హన్మకొండ నర్సు:
సార్, ఐరన్ కోసమైతే గుడ్డును నమ్ముకోవద్దు. అందులో ఉండేదే తక్కువ, ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. రక్తం బాగా తగ్గిన పిల్లను తిండితోనే బాగుచేస్తామంటే నేను ఒప్పుకోను, డాక్టర్‌కు చూపించి మందు వాడాల్సిందే. బడిలో చేయగలిగింది ఒకటుంది. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండండి, సి విటమిన్‌తో ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగనివ్వద్దు.

వంట చేసే అక్క:
గుడ్డుకు మాకిచ్చే రేటు ఒకటి, కొట్లో రేటు ఇంకొకటి. ఆ తేడా మా నెత్తినే. బిల్లు వచ్చేదాకా కిరాణంలో అప్పు. అప్పు పెరిగితే కొట్టాయన ఇవ్వనంటాడు, ఆ రోజు గుడ్డు ఉండదు. పిల్లలు ప్లేటు పట్టుకుని 'గుడ్డేది అక్కా' అంటే ఏం చెప్పాలె?

పరకాల నాన్న:
మా బడిలో పొద్దున ప్రార్థన కాగానే మాత్ర వేస్తున్నారు. అన్నం తర్వాతకు మార్చమని రేపే హెడ్‌మాస్టర్‌ను అడుగుతా. టీచర్ కావాలన్న నా మాట మాత్రం మారలేదు. అక్కా, ఆ రేటు సంగతి బడి కమిటీ మీటింగ్‌లో నేను ఎత్తుతా, మీ బిల్లులు ఎన్ని నెలలవి ఆగినయో చెప్పండి.