16 కిలోమీటర్లు పరిగెత్తొచ్చి సిలిండర్ ఎత్తాను, నడుము పట్టేసింది. డిసెంబర్ హాఫ్ మారథాన్ వదులుకోవాలా?

తెల్లారి_బీచ్‌రోడ్డు:

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు. విశాఖలో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రెండేళ్ల కింద షుగర్ అంచున ఉందన్నారని నడక మొదలుపెట్టాను, ఆ నడకే పరుగైంది. పోయినేడు నేవీ మారథాన్‌లో 10కె గంటా 12 నిమిషాల్లో పూర్తిచేశాను. ఈసారి హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లకి పేరిచ్చాను. ఇంకా 12 వారాలుంది.

రెండు వారాల కిందటి ఆదివారం బీచ్‌రోడ్డులో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర బయల్దేరి రుషికొండ దాకా వెళ్లి వచ్చాను. అంత దూరం అదే మొదటిసారి. తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు కూడా ఆగకుండా ఎక్కాను. ఇంటికొచ్చి గంటసేపు సోఫాలో జారగిలబడ్డాను. లేచి టిఫిన్ చేద్దామంటే గ్యాస్ అయిపోయింది. నిండు సిలిండర్ ఎత్తి, పక్కకి తిరిగి గట్టు కింద పెట్టబోయాను. లోపల గ్యాసే 14.2 కిలోలు, ఇనుము ఇంకో అంత. నడుములో కుడివైపు ఏదో పుటుక్కుమంది. గట్టు పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాను. నిటారుగా నిలబడటానికి పావుగంట పట్టింది.

ఎమ్మారైలో నడుము దగ్గర ఎల్4-ఎల్5 అనే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కు ఉబ్బి నరానికి తగులుతోందని తేలింది. ఆపరేషన్ అక్కర్లేదు, మాత్రలు, ఫిజియో చాలన్నారు డాక్టరు. పరుగు సంగతి అడిగితే "ఈ వయసులో ఎందుకమ్మా" అని తర్వాతి పేషెంటుని పిలిచారు.

పిరుదు నుంచి పిక్క దాకా లాగుతోంది. నిలబడి పాఠం చెప్పినంతసేపూ బాగుంటుంది. పేపర్లు దిద్దడానికి కూర్చున్నానా, పది నిమిషాలకే కాలు మొదలు. తుమ్మొస్తుందంటే భయం. సాక్స్ మా అబ్బాయి తొడుగుతున్నాడు. ఎదురుకాళ్లతో పుట్టినాయన ఒకరున్నారు, నడుం మీద తన్నిస్తే పట్టు వదులుతుందని మా అత్తయ్యగారు రోజూ అంటున్నారు.

పొద్దున ఆ గంట పరుగు ఒక్కటే రోజు మొత్తంలో నా కోసం నేను చేసుకునేది. అది పోయాక ఇంట్లో అందరిమీదా విసుక్కుంటున్నాను. ఇలాంటిది పడి మళ్లీ పరిగెత్తినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎలా చేశారో చెప్పండి.

అనకాపల్లి_బెల్లం:

తన్నించుకోకమ్మా. మా చిన్నాన్నకి అలాగే తొక్కించారు, ఆ తర్వాత మూడు నెలలు మంచం దిగలేదు. వావిలాకు వేసి మరిగించిన నీళ్లతో పోసుకో, హాయిగా ఉంటుంది. డిస్కుని అదేం చేయదు గానీ కండ సడలి రాత్రి నిద్ర పడుతుంది.

నెక్లెస్‌రోడ్_51:

మేడమ్, నాది మీ దానికి కిందిదే, ఎల్5-ఎస్1 డిస్కు. 2022 జూలైలో పట్టేసింది. ఆగస్టు చివర హైదరాబాద్ మారథాన్ ఉంది, హాఫ్‌కు పేరిచ్చి ఉన్న. ఆపమని ఇంట్లో అందరు చెప్పిన్రు, వినలేదు. పొద్దున నొప్పి మాత్ర వేసుకొని దిగిన. ఫ్లైఓవర్లు ఎక్కుడు కష్టం అనుకున్న, కానీ దిగుడే చంపింది. అడుగు పడ్డప్పుడల్లా మడమ నుంచి నడుముకు సుత్తితో కొట్టినట్టు. పూర్తయితే చేసిన. మర్నాడు కాలి బొటనవేలు పైకి లేవలేదు. ఐదు నెలలు పరుగు లేదు.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు నన్ను కాపాడింది ఒక నోట్‌బుక్. లేవగానే రెండే సంగతులు రాసేది: బేసిన్ మీదికి వంగి ముఖం కడుక్కునేసరికి ఎంతసేపు పట్టింది, నొప్పి కాలిలో ఎక్కడిదాక దిగింది. పరిగెత్తేటప్పటి నొప్పిని నమ్మకండి, ఒళ్లు వేడెక్కితే అది దాక్కుంటది. తెల్లారి ఎట్లుందో అదే లెక్క. పిక్కలోది తొడకు, తొడలోది పిరుదుకు ఎక్కుతుంటే, నడుములో కొంచెం ఎక్కువైనా సరే, మంచిదే. కిందికి జారిందంటే నిన్న చేసింది ఎక్కువైనట్టు.

మొదట నడకే, రోజుకు మూడుసార్లు, పదేసి నిమిషాలు. ఏకధాటిగా అరగంట నడిచినా తెల్లారి తేడా లేదు అన్నాకనే పరుగు, అది కూడ ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, రోజు విడిచి రోజు. అడుగు చిన్నగ, చప్పుడు రాకుండ వేయండి. వాలు రోడ్లు అన్నిటికన్నా చివర.

కాకినాడ_ఫిజియో:

ఇక్కడ రాసి వైద్యం చేయలేను గానీ కొన్ని మాటలు చెప్పాలి. మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు నడిచి చూడండి. కుడికాలు ఎడమకాలిలా నడవకపోతే ఆ సంగతి డాక్టరుకి వెంటనే చెప్పండి. తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా, పాదం వేలాడినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఎమ్మారై కాగితం చూసి బెంగపడకండి. నలభై దాటాక ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా చాలామందికి ఉబ్బిన డిస్కులు కనబడతాయి. మంచం పట్టకండి, నడుస్తుంటేనే తొందరగా తగ్గుతుంది. రాత్రంతా పడుకున్నాక డిస్కులు నీరు పీల్చుకుని బిగుతుగా ఉంటాయి కాబట్టి లేచిన గంటలోపు ముందుకి వంగే పనులు వద్దు: చీపురు, బకెట్, సాక్స్ అన్నీ తర్వాతే. చేతులూ మోకాళ్ల మీద ఆనుకుని ఎడమచెయ్యి ముందుకి, కుడికాలు వెనక్కి చాపి పది లెక్కపెట్టండి. నడుం మీద నీళ్ల గ్లాసు పెట్టారనుకోండి, ఒలకకూడదు. తర్వాత రెండో వైపు.

పైన ఆయన రాసిన మాత్ర సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. చెమటపట్టి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీలకి చేటు. నొప్పి తెలియకుండా చేసుకుని దూరం పరిగెత్తొద్దు.

తెల్లారి_బీచ్‌రోడ్డు (మూడు వారాల తర్వాత):

అందరికీ చాలా థాంక్స్. మడమల మీద నడిస్తే కుడిపాదం త్వరగా అలిసిపోయింది. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లి చెప్పాను, ఈసారి ఓపిగ్గా పరీక్షించారు. ఇప్పుడు రెండు కాళ్లూ సమానం.

నోట్‌బుక్ బదులు గ్రాఫ్ కాగితం తీసుకున్నాను. అడ్డంగా తేదీలు, నిలువుగా నొప్పి ఎంతవరకు దిగిందో: పిరుదు 1, తొడ 2, మోకాలు 3, పిక్క 4. మూడు వారాల్లో గీత నాలుగు నుంచి ఒకటికి దిగింది. మధ్యలో ఒక్కరోజు మళ్లీ నాలుగుకి లేచింది. నడక వల్లేనని భయపడి వెనక్కి చూసుకుంటే, ముందు రోజు నేను నడవనే లేదు, రెండు గంటలు కదలకుండా కూర్చుని పేపర్లు దిద్దాను. అప్పట్నుంచి స్టాఫ్‌రూమ్ బల్ల మీద స్టూలు పెట్టి, దానిమీద కట్ట పెట్టుకుని నిలబడి దిద్దుతున్నాను.

హాఫ్ నుంచి 10కెకి మార్చమని నిర్వాహకులకి మెయిల్ పెట్టాను. పెట్టిన రాత్రి ఏడ్చాను. మా అత్తయ్యగారు ఏమీ అనకుండా వావిలాకు నీళ్లు కాచి బాత్రూమ్‌లో పెట్టారు.

నిన్న ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా ఆరుసార్లు చేశాను. ఇవాళ పొద్దున గీత ఒకటి దగ్గరే ఉంది. ఆదివారం సబ్‌మెరైన్ నుంచి వుడా పార్కు దాకా ఇలాగే వెళ్లొద్దామనుకుంటున్నాను. సోమవారం గీత ఎక్కడుందో చూసి రాస్తాను.