రీసైకిల్డ్ నైలాన్ లైక్రాతో స్విమ్‌సూట్: కుట్లు తప్పుతున్నాయి, ఏం చేయాలి?

సూదీదారం:
78% రీసైకిల్డ్ నైలాన్, 22% ఎలాస్టేన్ (లైక్రా), చదరపు మీటరుకు 190 గ్రాముల బట్ట. మామూలు ఇంటి మెషీన్, జిగ్‌జాగ్ ఉంది. మధ్యమధ్యలో కుట్టు తప్పుతోంది, తప్పని చోట లాగితే దారం తెగుతోంది. సూది 14 నంబరు, దారం కాటన్. వేసుకునేది రోజూ క్లోరిన్ నీళ్ల పూల్‌లోకి. ఇంకోటి, ఇది నిజంగా రీసైకిల్డేనా అని ఇంట్లో తేల్చుకోవచ్చా?

జిగ్‌జాగ్:
ముందు సూది మార్చండి. ప్యాకెట్ మీద ‘స్ట్రెచ్’ అని ఉన్న 75/11 తీసుకోండి. లైక్రా సూదిని పట్టుకుని దాంతోపాటే పైకి లేస్తుంది. అప్పుడు దారం ఉచ్చు సరిగా పడదు, కింది హుక్కుకి అందదు. స్ట్రెచ్ సూదికి కన్ను వెనక గాడి లోతుగా ఉంటుంది కాబట్టి హుక్కు దగ్గరగా వచ్చి ఉచ్చును అందుకుంటుంది. 14 నంబరైతే చిల్లులు కూడా పడతాయి.

కాటన్ దారం సాగదు, క్లోరిన్‌కి పాడవుతుంది కూడా. పాలియెస్టర్ దారం వేయండి. జిగ్‌జాగ్ వెడల్పు 2.5, పొడవు 2.5తో మొదలెట్టి, ముక్క మీద కుట్టి బట్ట సాగినంతా లాగి చూడండి. తెగితే పై దారం టెన్షన్ కొంచెం వదలండి, పాదం ఒత్తిడి తగ్గించండి. కుట్టేటప్పుడు మాత్రం బట్టను లాగొద్దు, అంచులు అలలు తిరుగుతాయి. మొదట్లో బట్ట ప్లేటు రంధ్రంలోకి పోతుంటే కింద పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి.

పన్నా58:
పైన చెప్పినవన్నీ సరే. ఓవర్‌లాక్ (అంచు కోస్తూ కుట్టే మెషీన్) ఉంటే పక్క కుట్లకి అదే మేలు, దాని లూపర్లలో (అంచు చుట్టూ దారం అల్లే కొక్కేల్లో) ఉన్నిలా ఉబ్బే నైలాన్ దారం వేస్తే ఒంటికి గుచ్చుకోదు.

రీసైకిల్డ్ సంగతి కాల్చి తేల్చలేరు. ఎకోనిల్ లాంటి రీసైకిల్డ్ నైలాన్ బ్రాండ్‌లో పాత చేపల వలల్నీ, తివాచీల నైలాన్‌నీ కాప్రోలాక్టమ్ (నైలాన్ 6కి ముడి రసాయనం) దాకా విడగొట్టి మళ్లీ నూలు తీస్తారు, కాబట్టి అది కొత్త నైలాన్ 6 లాగే కాలుతుంది. కాగితాలే ఆధారం. జీఆర్‌ఎస్ (గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్) స్కోప్ సర్టిఫికెట్ మిల్లుకి అర్హత ఉందని మాత్రమే చెబుతుంది. ఆ సరుకు రీసైకిల్డేనని చెప్పేది ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్. మీటరు, రెండు మీటర్లు కొనేవాళ్లకి అది చేతికి రావడం కష్టం. పైగా ‘78% రీసైకిల్డ్’ అంటే నైలాన్ వరకే, మిగతా 22 మామూలు ఎలాస్టేనే అనుకోండి.

రోజూ పూల్‌లోకంటే అసలు ఈ బట్ట నా ఓటు కాదు. క్లోరిన్ ముందు తినేది ఎలాస్టేన్‌నే. బట్ట వదులై, వెలుతురులో పట్టుకుంటే పలచగా కనిపిస్తుంది. పాలియెస్టర్, పీబీటీ (సాగే గుణమున్న ఒక రకం పాలియెస్టర్) కలిపినది తక్కువ సాగినా చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. సముద్రానికీ సెలవులకీ అయితే ఇది హాయిగా వాడుకోవచ్చు.

సూదీదారం:
సూది, దారం మార్చాక కుట్టు తప్పడం ఆగింది. కాళ్ల దగ్గర ఎలాస్టిక్ ఎంత కోయాలి?

జిగ్‌జాగ్:
చుట్టుకొలత 60 సెం.మీ. అయితే 54. కానీ ఆ తగ్గింపంతా వెనక భాగంలోనే పడాలి, ముందు వైపు లాగకుండా సమంగా పెట్టండి, లేదంటే తొడ దగ్గర ముడతలు పడతాయి. 8 మి.మీ. ఎలాస్టిక్ చాలు. క్లోరిన్‌కి తట్టుకునే రకమేనని అడిగి కొనండి, నైటీలకి వాడేది వద్దు. లోపలి వైపు అంచున జిగ్‌జాగ్‌తో అతికించి, ఒకసారి మడిచి, పై నుంచి మూడు పోట్ల జిగ్‌జాగ్. గుండుసూదులు చిల్లులు పెడతాయి, క్లిప్పులు వాడండి.

పన్నా58:
పూల్ నుంచి రాగానే మంచినీళ్లలో జాడించి, పిండకుండా నీడలో ఆరేయండి. కంఫర్ట్ లాంటి సాఫ్ట్‌నర్లు వద్దు.