దిద్దిన వ్యాసాన్ని పిల్లలు మళ్లీ చదివేదెలా?

ప్రశ్న:
డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్లకు వ్యాసరచన చెప్తున్నాను. రెండు సెక్షన్లు కలిపి 74 మంది. ఒక్కో వ్యాసానికి పావుగంట వేసుకున్నా ఒక అసైన్‌మెంట్ దిద్దడానికి 18 గంటలు దాటుతోంది. ఎర్ర ఇంకుతో పేజీ నిండా రాసిస్తే వాళ్లు చూసేది మార్కొక్కటే. మడిచి బ్యాగులో పెట్టేస్తారు, తర్వాతి వ్యాసంలో మళ్లీ అవే తప్పులు. పోనీ ఒకరిది ఒకరు చూడండంటే ‘బాగుంది’, ‘ఇంకా వివరంగా రాయాలి’ అని చేతులు దులుపుకుంటున్నారు. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారండీ?

జవాబు:
ముందు ఆ ఎర్ర పెన్ను పక్కన పెట్టండి మేడం. తప్పున్న లైనుకు ఎదురుగా మార్జిన్‌లో ఒక టిక్కు పెట్టండి, రెండు తప్పులుంటే రెండు టిక్కులు. ఏం తప్పో చెప్పొద్దు. క్లాసులోనే పది నిమిషాలిచ్చి వాళ్లనే వెతుక్కోమనండి. ఇది నా సొంత తెలివి కాదు. 1983లో రిచర్డ్ హాస్వెల్ అనే అమెరికన్ అధ్యాపకుడు ‘మినిమల్ మార్కింగ్’ పేరుతో రాసిన పద్ధతి. ఆయన విద్యార్థులు సగానికి పైగా తప్పుల్ని సొంతంగానే సరిచేసుకున్నారు. తెలియక చేసినవాటికంటే చూసుకోక చేసినవే ఎక్కువన్నమాట. అయితే స్పెల్లింగు, కామాలు, వ్యాకరణం వరకే ఇది. వాదనే నిలబడకపోతే టిక్కు ఏం చేస్తుంది?

మరో జవాబు:
ఒకరిది ఒకరు చూసుకోవడం గురించి నేను చెప్తాను, ఇందులో చాలా దెబ్బలు తిన్నాను. అభిప్రాయం అడిగితే ‘బాగుంది’ అనే వస్తుంది. పక్కన కూర్చున్న ఫ్రెండును ఎవరు నొప్పిస్తారు? అందుకని నేను అభిప్రాయం అడగడం మానేసి పని ఇస్తున్నాను. ఒక్కో పేరా పక్కన ‘ఇది ఏం చెబుతోంది’ అన్నది ఏడెనిమిది మాటల్లో రాయాలి. రాయలేకపోతే ప్రశ్నార్థకం పెట్టాలి, అంతే. మొన్న ఫోన్ వాడకం మీద ఒకమ్మాయి రాసిన వ్యాసంలో రెండో పేరా పక్కనా, ఐదో పేరా పక్కనా ‘నిద్ర పాడవుతుంది’ అనే వచ్చింది. ఎవరూ చెప్పకుండానే ఆ రెండింటినీ కలిపేసుకుంది. మూడో పేరాకు ప్రశ్నార్థకం పడింది. “అది కాదే, నేను చెప్పేదేంటంటే…” అని పక్కమ్మాయికి వివరించబోయింది. ఆగమ్మా, ఇప్పుడు నోటితో అన్నావే, ఆ వాక్యమే అక్కడ రాసెయ్ అన్నాను. మూడు పేజీల్లో లేని స్పష్టత ఆ ఒక్క వాక్యంలో ఉంది.

మొదటిసారి మాత్రం మీరు రాసిన పేజీయే వాళ్లకివ్వండి. నాది ఇస్తే మూడు ప్రశ్నార్థకాలు పెట్టారు! ఆ తర్వాత వాళ్లకు మొహమాటం పోయింది.

ఇంకొకరు:
మొదటి డ్రాఫ్టుకు మార్కు వేయకండి. తిరగరాసిన కాపీకే వేయండి. రెండు వారాలు “మార్కెంత మేడం” అని వెంటపడతారు, తట్టుకోవాలి. టిక్కుల విషయంలో నాకు ఒక అభ్యంతరం ఉంది. బాగా వెనకబడిన పిల్లలు పేజీకి పాతిక టిక్కులు చూస్తే బెదిరిపోతారు. వాళ్లకు మొదటి రెండు పేరాల వరకే పెట్టండి.

అడిగినవారు (మూడు వారాల తర్వాత):
అందరికీ థాంక్సండీ. దిద్దడం ఏడెనిమిది నిమిషాలకు దిగింది. పేరా పక్కన రాయించడం బ్రహ్మాండంగా పనిచేసింది. టిక్కులతో మాత్రం పెద్ద కామెడీ అయింది. మన పిల్లలకు చిన్నప్పటినుంచీ టిక్కంటే రైటే కదా! పదకొండు టిక్కులొచ్చిన అబ్బాయి పేపరు పట్టుకుని క్లాసంతా తిరిగి చూపించుకున్నాడు. ఇప్పుడు టిక్కు మానేసి చుక్క పెడుతున్నాను. ఎంత వెతికినా దొరకని తప్పుల సంగతేంటి?

మొదట జవాబిచ్చినవారు:
అయ్యో, టిక్కు సంగతి నాకు తట్టనే లేదు! దొరకనివే వాళ్లకు నిజంగా తెలియనివి. వాటిని మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. మనిషికి రెండో మూడో మిగులుతాయి.