రాత్రిపూట కంగారూ సంరక్షణలో కట్టు వదులై పాప జారిపోతోంది

34వ వారంలో 1,750 గ్రాముల బరువుతో పుట్టిన మా పాపకు డైపరు, టోపీ, సాక్సులు మాత్రమే ఉంచి, ఆసుపత్రిలో నేర్పిన కంగారూ సంరక్షణ (బరువు తక్కువ బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా గుడ్డతో కట్టుకుని వెచ్చగా ఉంచే పద్ధతి) ప్రకారమే నా గుండెల మీద నిటారుగా ఆనించుకుంటున్నాను. అలా ఉన్నంతసేపూ చంకలో ఉష్ణోగ్రత 36.8 డిగ్రీల సెల్సియస్ ఉంటోంది. ఉయ్యాలలో వేసిన అరగంటకే, ఫ్యాను ఆపి దుప్పటి కప్పినా, 36.3కు పడిపోయి అరికాళ్లు చల్లబడుతున్నాయి. పగలు మావారు కూడా ఎత్తుకుంటారు కనుక ఇబ్బంది లేదు. చిక్కంతా రాత్రిదే: దిండ్లకు వాలి పడుకున్నప్పుడు, పాత నూలుచీరతో కట్టిన కట్టు గంటలోపే వదులై, పాప కిందికి జారి, గడ్డం ఛాతీకి ఆనుతోంది, ఊపిరికి అడ్డమవుతుందేమోనని నాకు నిద్ర పట్టదు. సాగే గుడ్డ బెల్టు వాడితే చెమట పట్టింది, చీర ముడి పక్కకు వేస్తే ఒరుసుకుంది. పాప తల పక్కకు తిరిగి, మెడ కొద్దిగా పైకెత్తినట్లే తెల్లవార్లూ నిలవాలంటే ఏ గుడ్డతో, ముడి ఎక్కడ పడేలా కట్టాలి?